అపరిచిత ధ్రువీకరణ పత్రం

సోమవలస పురపాలక సంఘంలో జనన ధ్రువీకరణ పత్రం కావాలంటే వారం పడుతుంది. మరణ ధ్రువీకరణ పత్రానికి పది రోజులు, ఎందుకంటే సంబంధిత వ్యక్తి స్వయంగా హాజరు కాలేరు. అపరిచిత ధ్రువీకరణ పత్రం మాత్రం మూడు నెలలు కిందామీదా పడి మొత్తం పదిహేడు మందికే ఇవ్వగలిగాం. వాటిలో తొమ్మిది తరవాత రద్దయ్యాయి.

ఆ పత్రాలు జారీ చేసిన అధికారిని నేనే. పేరు కూర్మారావు, హోదా జూనియర్ అసిస్టెంటు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఏ నిబంధన చూసీ నవ్వినవాణ్ని కాను. నిబంధన చూసి నవ్వడం, పైఅధికారి చొక్కా గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకుని వస్తే ఆ మాట ఆయనకి చెప్పడం, ఈ రెండూ ప్రమోషన్‌కి మంచివి కావని నా అనుభవం.

మా ఊళ్లో ఒక మున్సిపల్ పార్కు ఉండేది. అందులో పదకొండు సిమెంటు బెంచీలు, నీళ్లు రాని ఫౌంటెను, గడ్డి ఉండాల్సిన చోట గడ్డి లాంటిది ఒకటి ఉండేవి. సాయంత్రమైతే జనం వచ్చి కూర్చుని మాట్లాడుకునేవారు. దాన్ని ఎవరూ సముదాయం అనేవారు కాదు. అసలు దానికి పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

అలా వచ్చేవాళ్లలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే ఐదుగురు ఆడవాళ్లుండేవారు. అసిరమ్మ, దాలమ్మ, పైడితల్లి, చిట్టెమ్మ, ఎర్రమ్మ. జీడిపిక్కలు కొట్టి కొట్టి వాళ్ల వేళ్ల చివర్లు నల్లబడిపోయి ఉంటాయి. ఫ్యాక్టరీ ఐదున్నరకి వదులుతుంది. ఆరింటికి వాళ్ల పేటలో కుళాయి వస్తుంది. మధ్యలో అరగంట. ఆ అరగంట వాళ్లు ఫౌంటెను పక్క బెంచీ మీద, చాలకపోతే కింద, కూర్చుని పెద్దగా నవ్వేవారు. ఏం చూసి నవ్వుతున్నారో దూరానికి తెలిసేది కాదు. పార్కు నీళ్ల బిల్లు పని మీద వెళ్లినప్పుడు ఒకసారి అసిరమ్మనే అడిగాను.

"పగలల్లా కంపెనీ వోడిది బాబూ, ఇంటికెల్తే ఇంట్లోవోల్లది. ఈ అరగంటే మాది. ఇందులో ఏడిస్తే ఎలాగ?" అంది.

ఇలా ఉండగా రాష్ట్ర సముదాయ క్షేమ, ఆనందాభివృద్ధి సంస్థ వారి దృష్టి మా ఊరి మీద పడింది. ఎంపికైన పట్టణాల్లో ఆరుబయట ఆటబొమ్మల్లాంటి పెద్ద శిల్పాలు పెట్టి, జనం వాటితో ఆడుకుంటూ ఒకరికొకరు దగ్గరయ్యేలా చేయడం వారి పథకం. మా పదకొండు బెంచీలనీ యుద్ధప్రాతిపదికన పెకలించి ఆ స్థలంలో 'కలిసుందాం వనం' వెలిసింది. అందులో మూడు శిల్పాలు. ఒకటి, ఒక మనిషంత ఎత్తున్న రెండు నీలం చెవులు. ఈ చెవిలో మాట్లాడితే యాభై గజాల అవతల ఆ చెవిలో వినిపిస్తుంది. రెండోది, నలుగురు ఎక్కితే గాని కదలని ఎర్ర మొసలి. మూడోది అసలైనది. ఐదు సీట్లున్న పసుప్పచ్చ వలయం. ఐదుగురూ లోపలి వైపు తిరిగి కూర్చుంటే వలయం మెల్లగా ఊగుతుంది, కింద ఎక్కడో గంటలు మోగుతాయి. నలుగురు కూర్చుంటే చలనం ఉండదు. నిజం చెప్పాలంటే బొమ్మలు బాగున్నాయి. నేను కూడా ఎవరూ చూడనప్పుడు మొసలి మీద కూర్చుని చూశాను. ఒక్కణ్నే కావడం వల్ల అది కదల్లేదు.

ప్రారంభోత్సవం నాడు మా కమిషనరు భుజంగరావు గారు మాట్లాడుతూ, "ఈ పట్టణ ప్రజలు ఇకపై కలిసి కూర్చుని సంభాషించుకొను సువర్ణావకాశము కలుగుచున్నది" అన్నారు. అప్పటిదాకా కలిసి కూర్చుని సంభాషించుకుంటున్న జనం చప్పట్లు కొట్టారు.

మర్నాడు ఐదున్నరకి అసిరమ్మ జట్టు వచ్చింది. బెంచీ లేకపోవడం చూసి ముందు గతుక్కుమన్నారు. ఆ తరవాత వలయం కనిపించింది. సీట్లు ఐదు, మనుషులు ఐదుగురు. ఎక్కి కూర్చోగానే గంటలు మోగాయి. "ఓలమ్మో! మనకోసమే కట్టినట్టున్నారే!" అని దాలమ్మ అరిచిన అరుపు నీలం చెవిలో పడి, అవతలి చెవి దగ్గర నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబుల్ ఉలిక్కిపడ్డాడు. అరగంటసేపు గంటలు ఆగలేదు.

నిబంధన ప్రకారం ప్రతి సందర్శకుడి చేతా ఆనంద పత్రం నింపించాలి. అందులో ఐదు ముఖాలుంటాయి. మొదటిది ఏడుపు ముఖం, ఐదోది పగలబడి నవ్వే ముఖం. లోపలికి వెళ్లేముందు ఒక ముఖానికి టిక్కు పెట్టాలి, బయటికి వచ్చాక ఇంకో ముఖానికి. రెండింటికీ తేడా ఎంతో అదే శిల్పం చేసిన మేలు. ఐదుగురూ వెళ్లేటప్పుడు ఐదో ముఖం, వచ్చేటప్పుడూ ఐదో ముఖం పెట్టారు. నేను ఆ కాగితాలు సంతోషంగా కమిషనరు గారి బల్ల మీద పెట్టాను.

ఆయన మొహం మాడిపోయింది. "ఇదేమిటయ్యా? ఐదులోంచి ఐదు తీసేస్తే సున్నా! శిల్పం వల్ల అభివృద్ధి సున్నా అని రాజధానికి పంపిస్తావా?"

"వాళ్లు వచ్చేటప్పుడే ఆనందంగా వచ్చారు సార్."

"ఎందుకొచ్చారట అలాగ?"

ఆయన మార్గదర్శకాలు తెప్పించి ఏడో క్లాజు పైకి చదివారు. "'ఈ శిల్పముల ముఖ్యోద్దేశ్యము అపరిచితుల నడుమ సముదాయ భావనను నెలకొల్పుట. కావున సందర్శకులు పరస్పరము అపరిచితులై ఉండవలెను.' విన్నావా? వాళ్లు ముందే తయారైపోయిన సముదాయమయ్యా. తయారైన సరుకుని మళ్లీ తయారు చేయలేం. నిధుల దుర్వినియోగం కిందికొస్తుంది. రేపట్నుంచి ఆపెయ్!"

మర్నాడు గేటు దగ్గర ఆ సంగతి అసిరమ్మకి చెప్పే పని నా మీదే పడింది. మీరు ఒకరికొకరు తెలిసినవాళ్లు కనక లోపలికి రాకూడదు అన్నాను. ఆమె నాకేసి ఎగాదిగా చూసి, "ఎండదెబ్బ తగిలిందేటి బాబూ?" అంది. కాదని, ఇది క్లాజు అని చెప్పాను. ఐదుగురూ గేటు వదిలి వెళ్లారు. రోడ్డు అవతల మురిక్కాలవ గట్టు మీద కూర్చున్నారు. లారీలు పోతుంటే దుమ్ము మొహాల మీద పడుతోంది. మాట్లాడుకోవడానికి అరవాల్సి వస్తోంది. దాలమ్మకి దగ్గు మొదలైంది. నాకు ఆ రోజు అన్నం సయించలేదు, కానీ అది ఫైల్లో రాయవలసిన విషయం కాదు.

అక్కణ్నుంచి అపరిచితుల వేట మొదలైంది. ఐదుగురు అపరిచితులు ఒక జట్టుగా రావాలి, వారు అపరిచితులేనని నేను ధ్రువీకరించాలి. వినడానికి తేలిక. కాని మన వైపు జనం సంగతి ఆ మార్గదర్శకాలు రాసినవాళ్లకి తెలియదు. మన ఇద్దరు మనుషుల్ని ఒక క్యూలో నిలబెడితే మొదటివాడు "మీదే ఊరండి?" అంటాడు. రెండోవాడు చెబుతాడు. "అక్కడ ఫలానావాళ్లు తెలుసా?" అంటాడు. మూడో ప్రశ్నకి బావగారు, నాలుగో ప్రశ్నకి టిఫిను బాక్సు మూత తీయడం. మొదటి వారం నేను పన్నెండు జట్లని క్యూలో నిలబెట్టాను. గేటు చేరేసరికి ఒక్క జట్టు మిగల్లేదు. బళ్లారి నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన బ్యాంకు మేనేజరు ఒకాయన మీద ఆశ పెట్టుకున్నాను. వెనక నిలబడ్డ కొబ్బరికాయల వ్యాపారి ఆయన తోడల్లుడి మేనమామకి అల్లుడని తేలింది. ఇద్దరూ కౌగలించుకున్నారు. ఇద్దరి దరఖాస్తులూ తిరస్కరించాను.

కమిషనరు గారు అత్యవసర సమావేశం పెట్టారు. క్యూలో మనిషికీ మనిషికీ మధ్య తడికె కట్టించారు. 'ఇచ్చట పరిచయములు నిషేధించడమైనది', 'ఇంటిపేరు అడుగుట నేరము' అని బోర్డులు పెట్టించారు. మొహాలు ఆనవాలు పట్టకుండా గోనెసంచులు తొడిగిద్దామన్న ఆలోచన కూడా వచ్చింది గాని శానిటరీ ఇన్‌స్పెక్టరు ఒప్పుకోలేదు. జనం తడికెల మీదుగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కనపడని మనిషితో మాట్లాడటం సరదాగా ఉందని అంతకుముందు రానివాళ్లు కూడా వచ్చారు. క్యూ పొడుగ్గా పెరిగింది, నవ్వులు పెరిగాయి, పక్కనే బజ్జీల బండి వెలిసింది. లోపల వనం మాత్రం ఖాళీగా ఉంది. ఎర్ర మొసలి మీద కాకులు వాలేవి.

"ఈ గేటు బయటి ఆనందం అనధికారికం. దీన్ని లెక్కలోకి తీసుకోకూడదు" అని కమిషనరు గారు నోట్ ఫైల్లో రాశారు.

ఊళ్లో అపరిచితులు కరువయ్యారు కనక పక్క జిల్లా నుంచి తెప్పించాలని నిర్ణయం జరిగింది. నలభై వేర్వేరు ఊళ్ల నుంచి ఊరికొకరు చొప్పున నలభై మందిని బస్సెక్కించాం. మూడు గంటల ప్రయాణం. బస్సు మా ఊళ్లో ఆగగానే కమిషనరు గారు పూలదండలతో ఎదురెళ్లారు. దిగినవాళ్లంతా ఒకరి సంచులు ఒకరు మోస్తున్నారు. దారిలో టీకి ఆగినప్పుడు పరిచయాలైపోయాయట. ఒక సంబంధం కూడా కుదిరింది. పిల్ల తండ్రి మా కమిషనరు గారి చేతిలో తాంబూలం పెట్టి, మీరే పెద్దమనిషిగా ఉండాలన్నాడు.

"కూర్మారావ్, అపరిచితులు ఎంతమంది మిగిలారు?" అని ఆయన హీనస్వరంతో అడిగారు.

"డ్రైవరొక్కడే సార్. బండి నడపడంలో ఉండి మాట్లాడలేకపోయాడు."

రోజూ సాయంత్రం గట్టు మీద నుంచి అసిరమ్మ నన్ను కేకేసి అడిగేది, "బాబూ, మేమింకా ఒకల్లకొకలం తెలిసినోల్లమేనా?" అవునమ్మా, ఇంకా తెలిసినవాళ్లే అని నేను చెప్పేవాణ్ని. ఆమె తల ఊపి దాలమ్మ వీపు రాసేది.

అప్పుడు వచ్చింది పిడుగులాంటి ఉత్తరం. సంస్థ డైరెక్టరు త్రినాథ్ గారు పదిహేను రోజుల్లో తనిఖీకి వస్తున్నారు. 'ఐదుగురు ధ్రువీకృత అపరిచితులు వలయంపై కూర్చుని సముదాయముగా మారుటను వారు స్వయముగా వీక్షించెదరు. అట్లు చూపజాలని యెడల సదరు శిల్పములను వేరొక పట్టణమునకు తరలించి, స్థలమునకు శాశ్వతముగా తాళము వేయబడును.' కమిషనరు గారు ఆ ఉత్తరం మూడుసార్లు చదివారు. నేను మాత్రం 'శాశ్వతముగా తాళము' దగ్గరే ఆగిపోయాను. నాకు గట్టు మీది దగ్గు వినిపించింది.

ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఎవరూ అడక్కుండా ఒక నోట్ పెట్టాను. 'పరిచయము అనగా సంభాషణ. ఒకే ఇంటివారైనను, ఒకే వీధివారైనను, వారి మధ్య మాటలు లేనప్పుడు వారిని అపరిచితులుగా భావించవచ్చునా? దయతో స్పష్టత కోరడమైనది.' రాజధాని నుంచి రెండో రోజే జవాబు వచ్చింది. 'పది దినములు వరుసగా సంభాషణ లేనిచో అపరిచితులుగా భావించవచ్చును. సాక్షుల వాంగ్మూలము జతపరచవలెను.'

మా ఊళ్లో మాటల్లేనివాళ్లకి కొదవేమిటి? మర్నాడే వరస కట్టారు. కాని పాత కోపాల వాళ్లు నాకు అచ్చిరాలేదు. గోడ తగాదాతో ఎనిమిదేళ్లుగా మాటల్లేని ఇద్దరన్నదమ్ములు ధ్రువపత్రం కోసం నా బల్ల ముందు నిలబడి, తగాదా ఏ సంవత్సరంలో మొదలైందో రాయమంటే ఆ సంవత్సరం గురించి వాదించుకోవడం మొదలెట్టారు. వాదన కూడా సంభాషణే. గంటసేపు వాదించుకుని, చివరికి కలిసి కాఫీకి వెళ్లారు. ఇలాంటివి చాలా జరిగాయి. ఊళ్లో పాత తగాదాలు తగ్గిపోతున్నాయని ప్లీడర్లు మా మీద ఫిర్యాదు చేశారు.

అన్నదమ్ములు కాఫీకి వెళ్లిన సాయంత్రమే నేను రోడ్డు దాటి గట్టు దగ్గరకి వెళ్లి అసిరమ్మకి అంతా విడమరిచి చెప్పాను. పది రోజులు మీరు ఐదుగురూ మాట్లాడుకోకుండా ఉండగలిగితే లోపలికి రావచ్చు, తనిఖీ గట్టెక్కితే పార్కు దక్కుతుంది అన్నాను.

"ఫేక్టరీలో కూడానా?"

"ఫ్యాక్టరీలో కూడా. మేస్త్రీ సాక్షి సంతకం పెట్టాలి."

"మరి కారణం ఏటని రాస్తారు?" అంది చిట్టెమ్మ. ఏదో ఒక గొడవ చెప్పండి అన్నాను. ఐదుగురూ ఆలోచించారు. అసిరమ్మని అప్పా అని అక్క వరసతో పిలిచే దాలమ్మ, "అసిరమ్మప్ప నా సేపల పులుసు బాగునేదంది అని రాసీయండి" అంది. "నేననలేదే! బాగుందనే కదంటే అన్నాను!" అంది అసిరమ్మ. "అయితే బాగుందంది అని రాసీయండి" అంది దాలమ్మ. నవ్వి నవ్వి ఎర్రమ్మ గట్టు మీద నుంచి జారబోయింది. 'చేపల పులుసు విషయమై తీవ్ర విభేదములు' అని నేను రాసుకున్నాను.

మర్నాటి నుంచి వాళ్లు మాట్లాడుకోలేదు. ఇది నేను సరదాగా చెబుతున్నాను గాని అప్పుడు చూడటానికి సరదాగా లేదు. ఐదుగురూ అదే గట్టు మీద, మనిషికీ మనిషికీ మూడు గజాల దూరంలో కూర్చునేవారు. ఇళ్లకి పోవచ్చు కదా, పోలేదు. అరగంటా అక్కడే కూర్చుని, లారీలు చూసి, ఆరవుతుంటే లేచి వెళ్లిపోయేవారు. ఫ్యాక్టరీ మేస్త్రీ నా దగ్గరకొచ్చి, "ఏటండీ బాబూ, షెడ్డులో పిక్కల సప్పుడు తప్ప ఇంకేటీ ఇనిపించట్లేదు. నాకే బయమేస్తంది" అన్నాడు.

ఆరో రోజు దాలమ్మ ఆఫీసుకొచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. తగాదా నిజమైపోయిందేమోనని నేను హడలిపోయాను.

"మా కోడలు పెసవించింది బాబూ. ఆడపిల్ల. రాత్రి పుట్టింది" అంది. "అసిరమ్మప్పకి సెప్పకుండా నానెప్పుడూ ఏ మాటా దాసుకోనేదు. నోట్లో అడ్డంపడిపోయినట్టుంది. ఏటి సెయ్యమంటారు?"

మధ్యవర్తి ద్వారా వార్త చేరవేస్తే పరోక్ష సంభాషణ అవుతుందని నాకు తెలుసు. ఆ సంగతి తెలిసిన అధికారి ఊళ్లో నేనొక్కణ్నే కూడా. ఐదున్నరకి గట్టు దగ్గరకి వెళ్లాను. మొదట అసిరమ్మ, మూడు గజాల తరవాత చిట్టెమ్మ, ఆ తరవాత పైడితల్లి, ఎర్రమ్మ. ఒక్కొక్కరి ముందూ నిలబడి, ఆఫీసు గొంతుతో, "దాలమ్మ గారికి మనవరాలు పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఈ సమాచారం మీకు నా నుంచి అందలేదు" అని చెప్పుకుంటూ పోయాను. అసిరమ్మ గట్టు చివర కూర్చున్న దాలమ్మకేసి చూడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లారీలకేసి చూసింది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. ఆ క్షణంలో ఆ ఏడో క్లాజు రాసినవాణ్ని నా ఎదురుగా నిలబెడితే ఏం చేసేవాణ్నో చెప్పలేను. ప్రమోషన్ సంగతి కూడా మరిచిపోయాను.

తనిఖీ రోజు వచ్చింది. త్రినాథ్ గారు సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చెదరకుండా కారు దిగారు. నలభై అయిదేళ్లుంటాయి. వేగంగా మాట్లాడతారు, ఎవరి కళ్లలోకీ చూడరు. మా కమిషనరు గారు దండ వేయబోతే, "వద్దు. సమయం పాటిద్దాం" అన్నారు.

ఐదుగురూ వచ్చి వలయం మీద కూర్చున్నారు. మామూలుగా మోగినట్టే గంటలు మోగాయి. ఎవరూ నవ్వలేదు. పది రోజుల మౌనం మొహాల్లో ఉంది. గేటు దగ్గర ఆనంద పత్రం ఇచ్చినప్పుడే నలుగురు రెండో ముఖానికి, దాలమ్మ మొదటి ముఖానికి టిక్కు పెట్టారు.

డైరెక్టరు గారు పత్రాలు చూసి సంతృప్తిగా తలూపారు. "ప్రారంభ స్థాయి చాలా తక్కువగా ఉంది. బాగుంది. శుద్ధమైన అపరిచితులు. ఎక్కడ సంపాదించారు?"

"ఎంతో శ్రమకోర్చి సార్" అన్నారు కమిషనరు గారు.

"మొదటి దశ. చూపులు కలపడం. రెండు నిమిషాలు." ఆయన గడియారం చూసుకున్నారు. ఐదుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. చిట్టెమ్మ పెదవి కొరుక్కుంది. "రెండో దశ. నామధేయ వినిమయం. మీరు మొదలుపెట్టండి" అని అసిరమ్మకి చెప్పారు.

అసిరమ్మ గొంతు సవరించుకుంది. పక్కనున్న దాలమ్మ వైపు తిరిగి, చేతులు జోడించి, "నా పేరు అసిరమ్మండి. మీ పేరేటండి?" అంది.

"దాలమ్మండి" అంది దాలమ్మ. "మాకు మనవరాలు పుట్టిందండి."

అంతే. అసిరమ్మ జోడించిన చేతులు విప్పి దాలమ్మని లాక్కుని గుండెకి హత్తుకుంది. "ఓలె దాలీ! ఎవుల పోలికే? నీ పోలికొచ్చిందా? ఉయ్యాల్లో ఏసీసారా? పదిరోజులు సంపీసావు కదే నన్ను!" ఐదుగురూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. పది రోజుల మాటలు. మేస్త్రీ సంగతి, ఎర్రమ్మ మేక ఈనడం, చిట్టెమ్మ మొగుడు కొనుక్కొచ్చిన బూట్లు, చేపల పులుసు. ఎవరు వింటున్నారో ఎవరు చెబుతున్నారో తెలియదు. ఏడుస్తూ నవ్వుతున్నారు. వలయం ఊగిపోతోంది, గంటలు ఆగకుండా మోగుతున్నాయి. తడికెల వెనక క్యూలో ఉన్నవాళ్లు కూడా ఏమైందో తెలియకుండానే నవ్వడం మొదలుపెట్టారు.

డైరెక్టరు గారి పెన్ను కిందపడింది. "మూడో దశ ఇంకా ప్రకటించలేదే" అన్నారు నెమ్మదిగా. ఆ తరవాత పత్రాలు మళ్లీ నింపించి చూశారు. ఐదుగురూ ఐదో ముఖానికి టిక్కు పెట్టారు. దాలమ్మ ఐదో ముఖం చాలక పక్కన ఇంకోటి గీసింది. "అపూర్వం! ఒక్క నిమిషంలో ఇంత గాఢమైన సముదాయం! ఇది ఏ పట్టణంలోనూ రాని ఫలితం" అన్నారు. కమిషనరు గారు నన్ను చూసి కన్ను కొట్టారు. ఇరవై రెండేళ్లలో ఒక కమిషనరు నాకు కన్ను కొట్టడం అదే మొదలు.

అసిరమ్మ వలయం దిగి డైరెక్టరు గారి దగ్గరకి వచ్చింది. "అయితే బాబూ, పరీక్ష నెగ్గినట్టేనా? రేపట్నుంచి మమ్మల్ని రానిస్తారా?"

ఆయన చేతిలోని కాగితం తిప్పారు. "మీరు ఇప్పుడు సముదాయంగా మారారు. అంటే మీ విషయంలో లక్ష్యం నెరవేరింది. ఏడో క్లాజు ప్రకారం మీకు మళ్లీ ప్రవేశం ఉండదు. మీ సహకారానికి ధన్యవాదాలు."

నేను రిజిస్టరు తెరిచి వాళ్ల పేర్ల ఎదురుగా 'పూర్తయినది' అని రాయాలి. పెన్ను కదల్లేదు. అసిరమ్మ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. కోపం లేదు. పిచ్చివాళ్లని చూసినట్టూ చూడలేదు. అన్నం తినని పిల్లాణ్ని చూసినట్టు చూసింది.

"మీదే ఊరు బాబూ?" అంది.

"రాజధానిలో ఉంటాను."

"ఉండడం కాదు. ఊరేది?"

ఆయన తడబడ్డారు. "నాన్నగారిది బదిలీల ఉద్యోగం. ఊరంటూ... అమ్మది ఇటే. గెడ్డవలస."

"గెడ్డవలసా! ఏ ఈది?"

"తెలీదండి. చిన్నప్పుడు ఒక్కసారి తీసుకొచ్చింది. ఇంటి ముందు పనసచెట్టు ఉండేది. దాని కింద ఎవరో నా మొహానికి పనసతొన జిగురు పూశారు." ఆ మాట అంటూ ఆయన తన చెంప తడుముకున్నారు.

"పనసచెట్టు ఇల్లు! మీ యమ్మ రవనమ్మ కదూ?"

"రమణమ్మ."

"అదే. మా పెద్దమ్మ తోడికోడలి కూతురు. నాకు అప్ప అవుద్ది. నువ్వు నాకు కొడుకువిరా!" అంది అసిరమ్మ. "అప్ప ఎలాగుంది?"

"పోయి నాలుగేళ్లయిందండి."

అసిరమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తరవాత, "మాకు కబురెట్టనేదేరా?" అంది.

"ఎవరికి పెట్టాలో నాకు తెలీలేదు" అన్నారు డైరెక్టరు గారు. ఆయన గొంతులో ఇప్పుడు మార్గదర్శకాలేవీ లేవు. దాలమ్మ ఆయన చెయ్యి పట్టుకుని వలయం దగ్గరకి తీసుకెళ్లింది. సీట్లు ఐదే ఉన్నాయి కనక ఆయన మధ్యలో నేల మీద, ఇస్త్రీ ప్యాంటుతో, బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. చుట్టూ ఐదుగురు ఊగుతూ ఆయనకి రమణమ్మ చిన్నప్పుడు ఏం చేసేదో చెప్పడం మొదలుపెట్టారు. వాళ్లలో ముగ్గురు ఆవిణ్ని చూసి కూడా ఉండరు. అయినా చెప్పారు.

కమిషనరు గారు నా చెవిలో, "కొంప మునిగిందయ్యా! తనిఖీ అధికారి కూడా సందర్శకులకి అపరిచితుడై ఉండాలి, ఎనిమిదో క్లాజు! చుట్టరికం బయటపడితే తనిఖీ చెల్లదు!" అన్నారు. ధైర్యం చేసి ఆ మాట డైరెక్టరు గారికి కూడా విన్నవించారు.

"ఎనిమిదో క్లాజు రాసింది నేనే. ఏడోది కూడా" అన్నారు ఆయన వెనక్కి తిరక్కుండా. "కాసేపు ఆగండి. మా అమ్మ గెడ్డ నీళ్లు దాటుతూ ఏదో పోగొట్టుకుందట."

ఆరవుతుంటే ఐదుగురూ గభాల్న లేచారు. "కుళాయొచ్చీసే యేల అయిపోనాది. వస్తాం కొడుకా" అంది అసిరమ్మ. కథ సగంలో ఉంది. ఆయన నేల మీంచి తలెత్తి, "ఏం పోగొట్టుకుందో చెప్పలేదు కదా పిన్నీ" అన్నారు. "రేపు సెప్తాన్లే" అని ఆమె నడుస్తూనే అంది.

వాళ్లు వెళ్లాక ఆయన నేల మీంచి లేవకుండానే నన్ను పిలిచి పర్యటన డైరీ రాయమన్నారు. ఆయన చెబుతుంటే నేను రాశాను: 'సముదాయము ఏర్పడినట్లు కనుగొనడమైనది. అయితే అది నిలుచునో లేదో తేల్చుటకు అదే ఐదుగురిని, అదే వేళకు, అదే స్థలమున మరలా గమనించవలసి ఉన్నది. కావున పర్యటన ఒక దినము పొడిగించడమైనది. గమనించు కాలములో సదరు ఐదుగురికి ఏడో క్లాజు వర్తించదు.'

ఇప్పటికి ఆ పర్యటన పదమూడుసార్లు పొడిగించబడింది. వారం తరవాత ఆయన గెస్ట్‌హౌస్ నుంచి పేటలోకి మారారు. నిన్న మా ఆఫీసుకి ఒక ఫైలు వచ్చింది. 'పరిశీలనా సౌలభ్యము నిమిత్తము వలయమునకు ఆరో సీటు అమర్చుటకు అనుమతి కోరడమైనది' అని డైరెక్టరు గారు డైరెక్టరు గారికి రాసుకున్న లేఖ. కింద ఆయన చేతిరాతతోనే మంజూరు. నా ఇరవై రెండేళ్ల సర్వీసులో అడిగిన రోజే మంజూరైన ఫైలు అదొక్కటే.